రాజీనామా ఎవలితోటి?

మంత్రిగారు రాజీనామా చేశారని టీవీలో వచ్చిన గంటకే కొడకండ్లలో పటాకులు పేలాయి. ఇంట్లో బియ్యం ఏరుకుంటున్న మరియం బీ మాత్రం తలెత్తి, "రాజీనామానా? ఎవలితోటి?" అని అడిగింది.

ఆమె తప్పేం లేదు. ఆమె ఉర్దూలో రాజీనామా అంటే తగాదా పడ్డ ఇద్దరు రాజీకి రావడం. పదవి వదిలేస్తే దాన్ని ఇస్తీఫా అంటారు. గోడల మీద రాతలు రాసి బతికే కొడుకు మొయినుద్దీన్ ఆ తేడా చెప్పబోయి, పటాకుల మోతకు చిరాకుపడి వాకిట్లోకి నడిచాడు. ఆ రోజు కోపంతో అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు.

అతని కొడుకు అకీల్ ఎండాకాలంలో ఈ మంత్రి కారుకే అడ్డం పడి, తెలంగాణ కోసం రాజీనామా చెయ్యమని అరిచాడు. మంత్రి మనిషి శ్రీపాల్ దాడి కేసు పెట్టాడు. అకీల్‌కు చేతిదాకా వచ్చిన కండక్టరు ఉద్యోగం ఆ కేసు దగ్గరే ఆగిపోయింది. అప్పుడు కుర్చీ వదలని మహానుభావుడికి ఇప్పుడు తెలంగాణ గుర్తొచ్చింది! గనుల లైసెన్సు కోసం ఆయనకు లంచమిచ్చామని ఒక విదేశీ కంపెనీ వాళ్ల దేశపు కోర్టులో ఒప్పుకుంది మరి. దిగిపొమ్మని ఢిల్లీ నుంచి పిలుపు రాకముందే ఆయన జై తెలంగాణ అనేసి రోడ్డెక్కాడు. దొంగ పోయి పెళ్లి ఊరేగింపులో దూరితే పట్టుకునేదెవరు?

సాయంత్రం శ్రీపాల్ ఇంటికే వచ్చాడు.

"మొయిన్ భాయ్, సార్ రేపు వస్తుండు. బస్టాండు గోడ మీద 'తెలంగాణ కోసం పదవిని వదిలిన మంత్రిగారికి స్వాగతం' అని పెద్దగ రాయి. ఎల్లుండి ఠాణాకు పోయి మీ పోరని కేసు రాజీ చేసుకుందాం."

"ఆయనెందుకు దిగిండో ఊరంత ఎరుకే గద పటేలా."

"ఊరు మరిచిపోతది. గోడ మీదున్నదే యాదుంటది."

మర్నాడు పొద్దున్నే మొయినుద్దీన్ గోడ రాశాడు. 'తెలంగాణ కోసం' అనే రెండు మాటలూ అతని చెయ్యి తనంతట తానే రాసేస్తుంది. ఉద్యమంలో ప్రాణాలు తీసుకున్న పిల్లల పేర్ల కింద కూడా ఆ రెండు మాటలే రాశాడు. ఆ సంగతి గుర్తొచ్చి కుంచె పక్కన పెట్టాడు. అయినా కొడుకు కోసం పూర్తిచేసి ఇంటికొచ్చాడు.

అన్నం పెడుతూ మరియం బీ అడిగింది. "రేపు ఠాణాల మనది రాజీనామానట గద బేటా?"

"ఔ అమ్మీ."

"మంత్రిది గూడ రాజీనామానే అంటున్నరు. రెండూ ఒక్కటేనా?"

అమాయకంగానే అడిగింది ముసలమ్మ. మొయినుద్దీన్ చేతిలో ముద్ద కంచంలోనే వదిలి లేచాడు. తల్లి ముందు అంత సిగ్గు అతనెప్పుడూ పడలేదు.

"అకీల్, సున్నం బకెట్ ఏడున్నది?"

అకీల్ తండ్రి మొహంలోకి చూశాడు. లేచి వెళ్లి తనే బకెట్ తెచ్చి ముందు పెట్టాడు.

శ్రీపాల్ జెండాలతో వచ్చేసరికి గోడ మీద 'పదవిని వదిలిన మంత్రిగారికి స్వాగతం' అని మాత్రమే ఉంది. మొదటి రెండు మాటల మీద తడి సున్నం. ఎవరో పైకి చదివారు. ఇంకెవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు బస్టాండంతా పాకింది.

"గా రెండు మాటలేవి?" శ్రీపాల్ పళ్లు నూరాడు.

"అవి మావి పటేలా. ఆయనకియ్యలేను."

"ఇగ కేసు సంగతి మరిచిపో!"

మంత్రి కారు వచ్చింది. అద్దం దిగలేదు, కారు ఆగలేదు.

మొయినుద్దీన్ ఇంటికొచ్చి చేతుల సున్నం కడుక్కుంటుంటే, కోర్టు వాయిదాకు జనగామ పోయే బస్సు ఎన్నింటికో కనుక్కొస్తానని అకీల్ చెప్పులు తొడుక్కున్నాడు.

"మరి రేపటి రాజీనామా?" అంది మరియం బీ.

"ఎవలితోటీ లేదమ్మీ."