పిండి మీద గీత

గోధుమపిండి డబ్బా మూత తీసి, లోపల పిండిని సమంగా సర్ది, దాని మీద చూపుడువేలితో అడ్డంగా ఒక గీత గీసింది కోడలు. మూత బిగించి, ఏమీ ఎరగనట్టు చెయ్యి కడుక్కుని ఆఫీసుకు బయల్దేరింది.

ఆమెకు అత్తగారి మీద అనుమానం. ఊరికే వచ్చింది కాదు. ఏళ్ల తరబడి గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు, తిన్నది ఒంటబట్టకపోవడం. గ్యాస్ మాత్రలు మింగీ మింగీ విసిగాక, ఒక డాక్టరమ్మ పేగులోంచి చిన్న ముక్క తీయించి చూసి, సీలియాక్ జబ్బని తేల్చింది. గోధుమలో ఉండే గ్లూటెన్ ఈమె పేగుకు పడదు. మందు లేదు, మానడమే మందు. మానేసింది. విడిగా గిన్నెలు, విడిగా గరిటె, బియ్యప్పిండి రొట్టెలకు విడిగా ఒక ఇనప పెనం. ప్రాణం తెరిపిన పడింది. మళ్లీ ఉద్యోగంలో చేరి వంటిల్లు అత్తగారికి వదిలిందో లేదో, మంట తిరిగొచ్చింది.

“ఎక్కడో గోధుమ లోపలికి పోతోంది. మీ ఇంట్లో వండేదెవరు?” అంది డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి.

ఆ ప్రశ్న ముల్లులా దిగబడింది. జబ్బు పేరు విన్నరోజు అత్తగారు నవ్వుతూ అన్న మాట గుర్తొచ్చింది: “రొట్టె పడని పొట్ట ఉంటుందని మేం వినలేదమ్మా. రాళ్లు తిని అరిగించుకున్నాం.” నవ్వుతూ అన్న మాటలకే ఆయుష్షెక్కువ.

“అలవాటు చేద్దామని కాస్త కాస్త కలుపుతున్నారేమో,” అంది భర్తతో.

“అమ్మ అలాంటిది కాదు. నీకు మంట పొట్టలోనా, అమ్మ మీదా?”

“రెండూ ఆ వంటింట్లోంచే వస్తున్నాయి. వేరే ఇల్లు చూడు.”

అతను నిట్టూర్చి సరేనన్నాడు.

సాయంత్రం వచ్చి డబ్బా తెరిచింది. గీత ఉంది. కానీ తనది కాదు. తన గీత సన్నగా, తిన్నగా ఉంటుంది. ఇది బొటనవేలితో గీసినట్టు లావుగా, ఓ పక్కకు ఒరిగి ఉంది. ఆ పూట ఇంట్లో గోధుమ రొట్టెలు చెయ్యనేలేదు. పిండి తీసి, పైగా గీత కూడా దిద్దారన్నమాట. దోచుకుని తలుపు దగ్గరికేసి పోయే దొంగ గుర్తొచ్చాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

ఇక ఆగలేక ఒకరోజు మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మం పక్కన నిలబడింది. అత్తగారు డబ్బాలోంచి గుప్పెడు పిండి తీసింది. పొయ్యి మీద తన బియ్యప్పిండి రొట్టెల పెనం. గుప్పిట పెనం మీదికి వెళ్లింది.

దొరికారు, అనుకుంది.

కానీ పొయ్యి వెలగలేదు. అత్తగారు పిండి చల్లి అరచేత్తో గుండ్రంగా రుద్దసాగింది. జిడ్డంతా పిండికి అంటుకుని నల్లటి నలుసులై రాలుతోంది. దులిపి, పొడిబట్టతో తుడిచి, వెలుతురుకు పెట్టి చూసుకుంది.

“ఏం చేస్తున్నారత్తయ్యా?”

“వచ్చావా? నీ పెనమే. సబ్బు పెడితే తుప్పు పడుతుంది. పిండితో రుద్దితే అద్దంలా ఉంటుంది. మా పెనానికి ఇంత వైభోగం లేదులే, నీళ్లు కొట్టి బోర్లిస్తా.”

కోడలు చేతిలో చెప్పులు గుమ్మం పక్కన పడేసింది. “ఆ పిండే కదా నాకు పడనిది.”

“తింటే కదా? తుడిచేశాగా.”

“కంటికి కనపడనంత అంటుకున్నా చాలత్తయ్యా.”

అత్తగారి చేతిలో బట్ట ఆగింది.

“మరి ఆ గీత?” అంది కోడలు.

“నువ్వు రోజూ గీసి పోతున్నావుగా. నీ లెక్కేదో నీకుంటుంది, చెరిగితే నొచ్చుకుంటావని మళ్లీ గీసేదాన్ని. నీ అంత తిన్నగా రాదు నాకు. ఇంతకీ ఎందుకమ్మా అది?”

పురుగులు పట్టకుండా అన్న అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది. “మీరు నాకు గోధుమ పెడుతున్నారేమోనని.”

అత్తగారు పెనం వైపు చూసింది.

“పెట్టాను కదా మరి,” అంది మెల్లగా. తర్వాత, “కడిగితే పోతుందా, పారెయ్యాలా?”

ఇంతలో ఫోను మోగింది. భర్త. అద్దెకు అడిగిన ఇంటి యజమాని సాయంత్రం వచ్చి ఇల్లు చూసుకోమన్నాడట.

“ఆ ఇల్లు వద్దులే. వచ్చేటప్పుడు కొత్త పెనం ఒకటి పట్రా,” అని పెట్టేసింది.

అత్తగారు చేతులకంటిన పిండి దులుపుకుని నిదానంగా తలెత్తింది.

“ఏ ఇల్లు?”