సగం కాలిన కొవ్వొత్తి

అక్క అడిగింది ఒక్కటే.

"చివరంటా కాలిందా చిన్నీ?"

యాత్ర నుంచి వచ్చిన చెల్లెలు భుజాన సంచి ఇంకా దించలేదు. "కాలిందక్కా. చివరంటా" అనేసింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. అయినా ఇది జారిన మాట కాదు, తెలిసి తెలిసి ఆడిన అబద్ధం. సగం కాలిన ఆ కొవ్వొత్తి అదే సంచిలో, చేతిరుమాల్లో చుట్టి ఉంది మరి.

అక్కకి పుట్టిన ఒక్కగానొక్క పిల్లాడు, తలమీద జ్ఞానస్నానపు నీళ్ళు పడకముందే ఆసుపత్రిలో కన్నుమూశాడు. గుడిలో పిల్లలకి జపాలు నేర్పే ముసలాయన ఒకడు పరామర్శకొచ్చి, "నీళ్ళు పడని బిడ్డలు వెలుగులేని చోట ఉంటారమ్మా" అని చెప్పి, ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళాడు. ఆయనా పోయాడు. మాట మాత్రం పోలేదు. ఆనాటి నుంచి అక్క లైటు ఆర్పి పడుకున్న రాత్రి లేదు. జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి, లైటు వెలుగుతూనే ఉంది.

చెల్లెలు గుడివాళ్ళతో పరదేశం యాత్రకి వెళ్తోందనగానే అక్క తనే మైనం కరిగించి కొవ్వొత్తి పోసింది. బాబు కోసం కుట్టిన నీలం చొక్కా అంచు నుంచి పోగులు లాగి, తెల్లనూలుతో కలిపి వత్తి పేనింది. "మరియ తల్లి ముందు పెట్టు. అది కాలినంతసేపు వాడికి దారి కనిపిస్తుంది. మధ్యలో మాత్రం ఆరకూడదే" అంది.

ఊరు కాని ఊరు, భాష కాని భాష. చెల్లెలు కొవ్వొత్తి వెలిగించి, మోకరించి, జపమాలలో ఒక్క వరస పూర్తిచేసి కళ్ళు తెరిచింది. ఏప్రాను కట్టుకున్న మనిషి ఒకడు వరసగా వత్తులు నొక్కి ఆర్పుతూ, కొవ్వొత్తుల్ని బకెట్లో పడేస్తున్నాడు. హోటల్లో బల్ల తుడిచేవాడికి ఎంత కోపముంటుందో అతనికీ అంతే. "ఆగు నాయనా!" అని ఈవిడ తెలుగులోనే అరిచింది. అతను మర్యాదగా నవ్వి, వెనక బారులు తీరిన జనాన్ని చూపించాడు. నవ్వుతూ ఆర్పేశాడు.

దీపం ఆరిపోయిందని నోటితో కూడా అనకుండా, కొండెక్కిందని చెప్పుకునే ఇంట్లో పుట్టింది ఆవిడ. దేవుడొక్కడే, మరియమ్మ ఒక్కతే, కాదనం. కానీ ఒకళ్ళ చీపురు ఇంకొకళ్ళ గుండెల మీద పడుతుంది, ఏం చేస్తాం? బకెట్లో చెయ్యి పెట్టి, నీలిపోగు చూసి తమ కొవ్వొత్తి లాక్కుంది. యాత్రకి పెద్దగా వచ్చినాయన తలపట్టుకున్నాడు. "ప్రార్థన పైకి పోయిందమ్మా, మైనంతో మనకేం పని?" అన్నాడు. మాట సబబే. సబబైన మాటకల్లా మనసు లొంగితే ఇంకేం.

ఇంటికొచ్చి అక్కతో ఆ అబద్ధం ఆడాక, కొవ్వొత్తిని అలమారాలో చీరల వెనక దాచింది. ఆవిడ పని బేకరీలో కేకుల మీద క్రీముతో పూలు వేయడం. పుట్టినరోజు పిల్లలు అక్కడే కేకు కోసి, ఉఫ్ఫుమని కొవ్వొత్తులు ఊదేవారు. అందరూ చప్పట్లు కొట్టేవారు. ఈవిడకి మాత్రం ఆ పొగవాసన ముక్కుకి తగలగానే వేస్తున్న పువ్వు చెదిరేది. రాత్రిళ్ళు సన్నగా ఏదో చప్పుడు. కొళాయి అనుకుని లేచి గట్టిగా తిప్పి కట్టేసేది. కొళాయి కాదు. అలమారా వైపు చూడకుండా దుప్పటి ముసుగుపెట్టేది.

కింది వాటాలో ఉండే అక్క ఒక పొద్దున మెట్ల దగ్గర నిలబడి, "రాత్రి లైటు ఆర్పి పడుకున్నానే. ఒళ్ళు తెలీని నిద్ర" అని నవ్వింది. చెల్లెలు తల ఊపి పనికి వెళ్ళిపోయింది. ఇప్పుడు నిజం చెబితే ఆ నిద్ర పోతుంది. చెప్పకపోతే ఆ చప్పుడు పోదు.

బాబు గురించి గుడి ఫాదర్‌ని అడిగింది. ఆయన మంచివాడు. "అలాంటి బిడ్డలు చీకట్లో ఉంటారని మనం చెప్పమమ్మా. దేవుడి దయకి అప్పగిస్తాం."

"మరి మా అక్క ఇన్నేళ్ళ నిద్ర ఎవరికి అప్పగించాలి ఫాదర్?"

ఆయన జవాబు కోసం చెల్లెలు ఆగలేదు. ఒళ్ళుమండి లేచొచ్చేసింది.

మిగిలిన సగం తనే కాల్చేస్తే అబద్ధం కాస్తా నిజమైపోతుందనుకుంది. సెలవునాడు మధ్యాహ్నం వంటింట్లో, స్టీలు పళ్ళెంలో వెలిగించింది. తలుపు గడియ వేయడం మరిచిపోయింది. వెనక నుంచి మోకాళ్ళ నొప్పుల నడక వినిపించింది.

అక్క మంటకేసి చూసింది. వత్తిలో నీలిపోగు చూసింది. చెల్లెలు ఒక్క గుక్కలో బకెట్ సంగతి, అలమారా సంగతి కక్కేసి, తిట్లకి సిద్ధంగా నిలబడింది.

అక్క తిట్టలేదు. "ఇన్నాళ్ళూ బాబు నీ దగ్గరున్నాడా?" అంది.

"ఉన్నాడక్కా."

"ఏడ్చాడా?"

లేదనడం ఎంత తేలిక! ఈసారి నోరు రాలేదు. "ఏడ్చాడు. రాత్రిళ్ళు. భయమేసి దగ్గరికి వెళ్ళలేదు నేను."

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "నీకు మాత్రం ఏం తెలుసులే, పిల్లల్ని ఎత్తుకున్నదానివా" అని, ఫాను ఆపి, కుర్చీ లాక్కుని, మంటకి అరచేతులు అడ్డుపెట్టి కూర్చుంది. మైనం మొత్తం కరిగింది. నీలిపోగు కాలి, మంట మెల్లగా కొండెక్కింది. ఆ పొగవాసన తగలగానే చెల్లెలు, "అక్కా" అని ఏదో చెప్పబోయింది.

అక్క వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"ష్. గట్టిగా మాట్లాడకు. ఇప్పుడే పడుకున్నాడు."