ఒక ప్లేటుకి ఎన్ని కొసలు

మా ఆడపడుచుకీ నాకూ ఉప్పూ నిప్పూ. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే "ఈ పిల్ల నోరు మూతలేని డబ్బా" అని నలుగురిలో అనేసింది. నాకు నోరుందన్న మాట నిజమే. కాకపోతే ఆవిడ నోటి ముందు నాది ఏపాటిది? అలాంటి మనిషి గేటు ముందు, మందం కొలిచే పరికరం, చిన్న సుత్తి, సుద్దముక్క పడేసిన సంచీ భుజాన వేసుకుని ఆ పొద్దున నిలబడాల్సి వచ్చింది. ఇంకో దారి ఉంటే ఆ గడప తొక్కేదాన్ని కాదు.

నేను ఓడలు కట్టే యార్డులో ఉక్కు కొనే ఉద్యోగం చేస్తాను. ఆవిడ ఉక్కు అమ్ముతుంది. బోర్డు మీద పేరు ఆవిడ మొగుడిది. నాకు అన్నయ్య వరస. పెత్తనం మాత్రం ఆవిడది. ఆయన బల్ల వెనక కూర్చుని, వచ్చిన ప్రతి ఫోనుకీ "అడిగి చెబుతా" అంటుంటాడు.

మా యార్డుకి జనాన్నీ లారీలనూ దాటించే ఫెర్రీ ఒకటి ఆర్డరు వచ్చింది. దాని అడుగుభాగానికి పన్నెండు మిల్లీమీటర్ల ప్లేటు కావాలి. మిల్లుకి చెప్పి తెప్పించుకోవాలంటే నెలలు పడుతుంది. ఈ వారంలో ప్లేట్లు కళ్ళబడకపోతే ఆర్డరు ఇంకో యార్డుకి ఇచ్చేస్తానని ఫెర్రీ యజమాని తెగేసి చెప్పాడు. ఇస్తే ఇచ్చుకోనీ, మా యార్డుకి ఇదొక్కటే పడవ కాదు. కానీ ఈ పడవ మా దగ్గర తయారైతే దాన్ని నడిపే సరంగుగా మా ఆయన్ని పెట్టుకుంటానని అతను మా యార్డు పెద్దాయనకి మాటిచ్చాడు. మా ఆయన నడిపిన పాత పడవని తుక్కు కింద కోసేశారు. అప్పటినుంచీ ఇంట్లోనే ఉన్నాడు. ఒడ్డున పడ్డ సరంగుతో వేగడం పగవాడికి కూడా వద్దు. గరిటె ఏ వైపు తిప్పాలో కూడా నాకు ఆయనే చెబుతున్నాడు. పగలంతా అలా చెబుతాడు, సాయంత్రానికి కిటికీ దగ్గర కూర్చుని మాట్లాడడం మానేస్తాడు. నాకు ఆ రెండోది భయం.

ఈ సంగతి వదినకి తెలియదు. పాత పడవ పోయినప్పుడు తమ్ముడికి పనిపోయిందని ఆవిడ ఊరంతా టముకు వేసింది. అందుకని, "పడవ నీళ్ళలో పడేదాకా అక్క చెవిన వెయ్యకు" అని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

"ఏం మరదలా, మా తమ్ముణ్ణి ఏరుకున్నది చాలక ఇనుము కూడా ఏరుకోడానికి వచ్చావా?" అంది వదిన, కుర్చీలోంచి లేవకుండానే.

"ఏరుకున్నది నేను కాదు వదినా, అంటగట్టింది మీరు. అప్పుడు తట్టి చూసుకోలేదు. అందుకే ఇప్పుడు ప్రతిదీ తట్టి చూస్తున్నా."

అన్నయ్య నవ్వబోయాడు. వదిన అటు తిరిగింది. ఆయన గబుక్కున ఫోను ఎత్తి చెవిన పెట్టుకున్నాడు. అది మోగనే లేదు.

ప్లేట్లు వెనక ఆవరణలో ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టి ఉన్నాయి. ఆరు పైకి తీయించాను. ఒక్కోదాన్నీ క్రేనుతో తిప్పించి, రెండు వైపులా చూసి, నాలుగు మూలలా నడిమధ్యా మందం కొలిచాను. సుత్తితో వరసగా తట్టుకుంటూ వెళ్ళాను. లోపల పొర విడిపోతే ఆ చోట మోత చచ్చిపోతుంది. ఎక్కడా చావలేదు. గుంటలు లేవు, తుప్పు పైపైనే ఉంది. నిజం చెప్పొద్దూ, లోపలెక్కడో నాకు కాస్త నిరాశగానే ఉంది.

"కూరగాయల బజారా ఇది? అంతసేపు నొక్కి చూస్తున్నావు," అంది వెనకనుంచి. నేను పని చేస్తుంటే ఆవిడకి కాళ్ళు నిలవలేదు, లేచి వచ్చింది.

"కూరగాయలైతే పుచ్చుది వచ్చినా పారేస్తాం వదినా. ఇది పారేసేది కాదు, మునిగేది."

"తథాస్తు దేవతలుంటారు, నోరు కడుక్కో."

చివరికి ముద్రల దగ్గరికి వచ్చాను. ఓడ ప్లేటుకి మిల్లులోనే మూలన అంకెలు గుద్దుతారు. మొదటిది, కొలిమిలో ఏ విడత కరిగించిన ఉక్కుతో పోసిందో చెప్పే హీట్ నంబరు. అది ఆ విడతలో పుట్టిన ప్లేట్లన్నిటికీ ఒకటే. దాని పక్కన ప్లేటు సొంత నంబరు. అది ఆ ఒక్కదానిదే, ఇంకోదానికి ఉండదు. చూడ్డానికి ఓడ ప్లేటూ గోదాములకి వాడే మామూలు ప్లేటూ కవలపిల్లలే. తేడా తెలిసేది నీళ్ళలో. రాతికి కొట్టుకుంటే ఓడ ప్లేటు సొట్టపడి ఊరుకుంటుంది. మామూలుది చల్లటి నీళ్ళలో పగిలినా పగులుతుంది. కాబట్టి ఆ అంకెలే దాని కులం, గోత్రం.

ఆరింటికీ హీట్ నంబరు ఒకటే. బాగుంది. ఆరింటికీ సొంత నంబరు కూడా ఒకటే.

"ఇదేంటి వదినా?"

"ఏముంది? పెద్ద ప్లేటు కోసి ముక్కలు చేశాం. కోసేముందు నంబరు ప్రతి ముక్క మీదకీ ఎక్కించాం. పద్ధతే కదా? ఇన్నేళ్ళ ఉద్యోగంలో అది కూడా నేర్పలేదా నీకు?"

పద్ధతే. అలాగే చేస్తారు. నేను వంగి ప్లేట్ల కొసలు చూసుకుంటూ నడిచాను. గ్యాసుతో కోసిన అంచు మీద నిలువు గీతలుంటాయి, కింద కరిగి కారిన బొట్లు గట్టిపడి ఉంటాయి. మిల్లులో కత్తిరించిన అంచు వేరు, నున్నగా ఒక పక్కకి వాలి ఉంటుంది. ఆరు ప్లేట్లకీ రెండు కొసలా మిల్లు అంచే ఉంది. ఒక్క గ్యాసు గాటు లేదు.

"ఒక దోసకాయని ఆరు ముక్కలు కోస్తే, నడిమి ముక్కలకి రెండు పక్కలా కత్తి గాటు ఉండాలా వద్దా?" అన్నాను.

ఆవిడకి అర్థమైంది. వంటింట్లో పనిచేసిన చెయ్యే కదా.

"మీ దోసకాయకి ఆరు తొడిమలున్నాయి వదినా. ఇవి ఒక ప్లేటు ముక్కలు కావు, ఆరు మామూలు ప్లేట్లు. అసలు ఓడ ప్లేటు ఒకటి పక్కన పెట్టుకుని, దాని మీదున్నది ఉన్నట్టు గుద్దేశారు. పరీక్షలో కాపీ కొట్టేవాడు పక్కవాడి రోల్ నంబరుతో సహా దించేసినట్టు."

"నోరు జాగ్రత్త. నా కొంప కూల్చడానికే నువ్వు ఆ ఉద్యోగంలో చేరావు. అమ్మకి అప్పుడే చెప్పాను, ఇది మన ఇంట్లో ఇమిడే పిల్ల కాదని. వస్తే తీసుకో, లేకపోతే నడువు. నీ పడవ కాకపోతే ఇంకెవడిదో పడవ. కొనేవాళ్ళు గేటు బయట నిలబడి ఉన్నారు."

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ఒట్టు గట్టున పెట్టాను.

"ఆ పడవకి సరంగు ఎవరనుకున్నారు? మీ తమ్ముడు. ఈ ప్లేట్ల మీద రోజూ నిలబడేది మీ తమ్ముడి కాళ్ళు."

మా పెళ్ళయ్యాక ఆవిడ నోరు మూతపడగా చూసింది అదే మొదలు. ఆ ప్లేట్లకేసి ఒకసారి చూసింది. తర్వాత క్రేను అతని మీద కేకలేసింది. "ఇవి పక్కకి తియ్యి! వెనక షెడ్డులో టార్పాలిను కింద ఉన్నవి తీసుకురా. ఆ, అవే!"

షెడ్డులోంచి వచ్చినవి మేలిమి సరుకు. ప్రతిదానికీ సొంత నంబరు వేరు. ముద్రలు తీరుగా, ఒకే లోతున పడ్డాయి. పదింటిని తట్టి, కొలిచి, సుద్దతో టిక్కు పెట్టాను. ఫెర్రీ అడుక్కి సరిగ్గా సరిపోతాయి. మా ఆయన ఆ పడవ మీద చక్రం పట్టుకుని నిలబడినట్టు ఒక్క క్షణం కళ్ళముందు మెదిలింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"తమ్ముడి కాళ్ళ కింద అలాంటివి వేస్తానా? నేనేం రాక్షసినా?" అంది వదిన. గొంతు నిజంగానే మెత్తబడింది. "ముందే చెప్పి ఉంటే ఇంత రభస ఉండేదా? వాడు పనిలో పడితే నాకు మాత్రం సంతోషం కాదా?"

"మరి ఆ ఆరూ ఏం చేస్తారు?"

"నీకెందుకు? నీకు కావలసినవి నీకు వచ్చాయిగా."

"ఎవరి కాళ్ళ కింద వేస్తారు వదినా?"

"అడగనివాళ్ళ కింద," అంది.

నేను ఫోను బయటికి తీశాను. ఓడల ఉక్కుని పరీక్షించి ఒప్పుకునే సర్వేయరు ఒకాయన ఉన్నాడు. ఆయన అవునంటేనే ఏ యార్డులోనైనా ప్లేటు పడవకెక్కుతుంది. ఆ నంబరు నా ఫోనులో ఉందని వదినకి తెలుసు. ఇంకో సంగతి కూడా ఆవిడకి తెలుసు.

"చెయ్యి. చేసి చూడు," అంది, చేతులు కట్టుకుని. "ఆయనొస్తే ఆ ఆరింటితో ఊరుకుంటాడా? ఈ ఆవరణలో ఉన్న ప్రతి ముక్కకీ సీలు వేస్తాడు. నువ్వు టిక్కులు పెట్టుకున్న ఈ పదింటికీ వేస్తాడు. అన్నీ తేలేసరికి ఏడాది. నువ్వు వీటిని తీసుకుపోయి రేపు చేసినా అంతే, నా దగ్గర కొన్నవని యార్డులో కూడా ఆపేస్తాడు. నీ మొగుడి పడవ నీ చేత్తోనే ముంచుకుంటావా? నీకంత దమ్ముందా?"

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఒక్కసారి నాకు అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదనిపించింది. అన్నయ్య ఆఫీసు గుమ్మంలో నిలబడి, "చెల్లెమ్మా, ఒక్కమాట, ఒక్కమాట..." అంటున్నాడు. ఆ ఒక్కమాట ఏమిటో ఆయనకీ తెలిసినట్టు లేదు.

ఆవిడ ఎదురుగానే సర్వేయరుతో మాట్లాడాను. ఏ ఆవరణ, ఏ ప్లేట్లు, ఏ నంబరు, నా పేరుతో సహా అన్నీ చెప్పాను.

నేను ఇల్లు చేరేలోపే ఆవిడ ఫోను చేరింది. గుమ్మంలోనే అత్తయ్య ఎదురైంది. "ఒక్క ఫోనుతో కూతురి కొంపా కొడుకు పడవా రెండూ ముంచొచ్చావు. కడుపు చల్లబడిందా తల్లీ?" అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

మా ఆయన వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. సంచీ దించి ఎదురుగా కూర్చున్నాను. ప్లేట్లు ఆగిపోయాయని విని, ఫెర్రీ యజమాని మా యార్డు పెద్దాయనకి మధ్యాహ్నమే కబురు చేశాడట. ఆర్డరు ఇంకో యార్డుకి పోయింది. సరంగుగా ఆ యార్డువాళ్ళు చెప్పిన మనిషినే పెట్టుకుంటాడట.

"అక్క మీద కసి తీరిందా?" అన్నాడు.

"తీరింది. దాచుకోను. కానీ దానికోసం చెయ్యలేదు."

"షెడ్డులోవి మంచివేనా?"

"మంచివే."

"మన పడవకి సరిపోయేవా?"

"సరిపోయేవి."

ఆయన రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "ఆ ఫోను చేసేముందు నాకొక్క ఫోను చెయ్యాల్సింది. పోయింది నా బతుకు కదా! నన్నడగాలనిపించలేదా నీకు?"

"అడిగితే ఏమనేవారు?"

కోపంగా ఏదో అనబోయి ఆగాడు. ఆలోచించాడు. మా ఆయనకి కోపం ఎక్కువే గానీ అబద్ధం రాదు, అందులో అక్క పోలిక లేదు.

"ప్లేట్లు తీసుకుని ఇంటికి వచ్చెయ్ అనేవాణ్ణి," అన్నాడు.

"మీరు అంటే నేను వచ్చేసేదాన్ని. అందుకే అడగలేదు."