పది చెంచాల పాలకూర

మామగారు ముక్కులోని గొట్టం పీకేసుకున్న సంగతి కోడలు పొద్దున ఏడింటికి చూసింది. గొట్టం దిండు మీద పడి ఉంది. ఆయన ఏమీ ఎరగనట్టు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పక్షవాతం వచ్చి ఐదు వారాలైంది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది, మింగడం పోయింది. గొట్టంలో పోసే పాలతోనే ప్రాణం నిలబడింది. నలభై ఏళ్లు పెద్ద హోటల్లో వంటవాళ్లందరినీ గడగడలాడించిన మనిషి. ఆయనకు ఆ గొట్టం కంటే చావే నయమనిపించి ఉంటుంది.

ఆమె వెంటనే ఆయనకు మింగడం నేర్పిస్తున్న థెరపిస్టుకు ఫోన్ చేసింది.

"పదకొండింటికి వస్తాను," అందావిడ. "మెత్తటి ముద్దలాంటిదేదైనా చేసి ఉంచండి. పీచు ఉండకూడదు, ఉండలు ఉండకూడదు, నీళ్లలా జారకూడదు. పది చెంచాలు సరిగ్గా మింగితే గొట్టం అక్కర్లేదు. లేకపోతే ఇవాళే ఆస్పత్రిలో మళ్లీ వేయించాలి."

"పొలమారితే?"

"ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ఈ వయసులో తట్టుకోవడం కష్టమమ్మా. నేను పక్కనే ఉంటాలెండి."

భర్త సరుకు లారీ తోలుకుంటూ రెండు రోజుల దూరంలో ఉన్నాడు. ఆమె బస్సు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో వందమందిని సర్దగలదు కానీ వంటగదిలో మాత్రం ఎప్పుడూ చుట్టమే. "నువ్వు టిక్కెట్లు కొట్టుకో అమ్మాయ్, పొయ్యి జోలికి రాకు," అని మామగారు పెళ్లైన వారానికే తేల్చేశాడు.

ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వంటగది గుమ్మంలోకి తెచ్చింది. ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే చూపించింది. పాలకూర కట్ట దగ్గర ఆయన ఎడమచెయ్యి లేచింది. తర్వాత మీగడ గిన్నె దగ్గర. ఆమెకు అర్థమైంది, ఆయన ఇంట్లో చేసే మీగడ పాలకూర.

కాడలన్నీ తుంచేసి ఆకు మాత్రం ఉడికించింది. చన్నీళ్లలో వేసి, నీళ్లు పిండేసి, మిక్సీలో వెన్నలా తిప్పింది. అంతవరకు బాగానే ఉంది. చిక్కదనం కోసం బాణలిలో వెన్న కరిగించి, మైదా వేసి, కంగారులో పాలన్నీ ఒక్కసారే గుమ్మరించేసింది. క్షణంలో పిండంతా గోలీల్లా ఉండలు కట్టింది.

కుర్చీ చేతిమీద టపటపా చప్పుడు. మామగారు ఎడమచేత్తో బాదుతున్నాడు. ఆమె గరిటెతో ఉండలు నలిపింది. నలిగినవి నలిగాయి, మిగిలినవి మొండికేశాయి. ఆయన ఇంకా గట్టిగా బాదాడు.

"ఆపండి మామయ్యా!" ఆమె గరిటె విసిరికొట్టింది. "ఎవర్నడిగి పీకేసుకున్నారు? ఇందులో ఒక్క ఉండ గొంతుకడ్డం పడితే ఎవరిదండీ ఆ పాపం? నా చేత్తో చంపించుకుందామనా?"

చప్పుడు ఆగిపోయింది. ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. కళ్లలో కోపం లేదు. ఎడమచెయ్యి ముందుకు చాపి, కుర్చీని పొయ్యి దగ్గరికి జరపమని సైగ చేశాడు.

పదీ ఇరవై అయింది. పాలు ఇంకో గ్లాసే మిగిలాయి.

ఆమె కుర్చీ జరిపి, బాణలి కడిగి మళ్లీ వెన్న, మైదా వేసింది. ఆయన అరచేతిని కిందికి వంచాడు. మంట తగ్గించింది. పిండి రంగు మారకముందే ఆయన చెయ్యి పాలగ్లాసు పట్టుకున్న ఆమె మణికట్టు మీద పడింది. ఆ చెయ్యి వదిలినప్పుడు రెండు చుక్కలు పోసింది. బిగిస్తే ఆగి కలిపింది. గ్లాసు ఖాళీ అయ్యేసరికి సాస్ నున్నగా, చిక్కగా తయారైంది. పాలకూర గుజ్జు, రెండు చెంచాల మీగడ కలిపింది. అయినా నమ్మకం చాలక సన్నటి జల్లెడలో రెండుసార్లు వడకట్టింది.

పదకొండింటికి వచ్చిన థెరపిస్టు చెంచా వంచి చూసింది. పచ్చటి ముద్ద ఒక్క క్షణం నిలిచి, మెల్లగా జారిపడింది. "బాగుంది. మీరే పెట్టండి. నేను గొంతు మీద చెయ్యి వేసి చూస్తాను."

ఒకటి. గొంతు కదిలింది. "ఆ అనండి," అంది థెరపిస్టు. "ఆ..." రెండు, మూడు. ఆమె అరచేతిలో చెంచా చెమటకు జారుతోంది. ఆరో చెంచా కూడా దిగింది.

ఏడో చెంచాకు దగ్గు వచ్చింది. ముఖం కందగడ్డైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె చెంచా పళ్లెంలో పడేసింది.

"దగ్గనివ్వండి," అంది థెరపిస్టు. ఆవిడ వేళ్లు గొంతు మీదే ఉన్నాయి. "ఇప్పుడు ఆ అనండి."

గొంతులో నీళ్లు పుక్కిలిస్తున్నట్టు గురగుర వినిపించింది.

"లోపల కొంచెం నిలిచింది. గడ్డం ఛాతీకి ఆనించి ఖాళీగా మింగండి. ఇంకోసారి... మళ్లీ ఆ అనండి."

కోడలు ముందుకు వంగింది.

"ఆ."

పొడిగా, తేటగా వచ్చింది.

"ఇక్కడితో ఆపేద్దామా మేడం?" అని కోడలు గొణిగింది. థెరపిస్టు జవాబు చెప్పేలోపే మామగారు గడ్డం వంచి నోరు తెరిచాడు.

మిగిలిన మూడు చెంచాలకూ పావుగంట పట్టింది.

"గొట్టం వద్దు," అంది థెరపిస్టు. "ఇలాగే గడ్డం వంచి తినాలి, నీళ్లు కూడా చిక్కబరిచే ఇవ్వాలి. మూడు రోజులు జ్వరం చూస్తూ ఉండండి. ఒళ్లు వెచ్చబడితే క్షణం ఆలస్యం చేయొద్దు."

ఆ మూడు రోజులూ ఆమె సెలవు పెట్టింది. గంటగంటకూ థర్మామీటరు పెట్టింది, నుదుటిమీద చెయ్యి వేసింది, ఆయన దగ్గితే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పరుగెత్తింది. రెండో రోజు వేడి కాస్త పెరిగింది. బ్యాగు సర్దుకుని, ఆటోవాడికి ఫోన్ చేసి, అరగంట ఆగి మళ్లీ చూస్తే తగ్గింది. మూడో రోజు సాయంత్రానికి కూడా ఒళ్లు చల్లగానే ఉంది.

అప్పుడు మంచం పక్కన నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. మామగారు ఎడమచెయ్యి ఆమె తలమీద వేసి, ఆ ఏడుపు సాంతం అయ్యేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు.

"ఆకలేస్తోందా మామయ్యా?" అంది ముక్కు తుడుచుకుంటూ.

ఆయన గట్టిగా తలూపాడు.