చివరి అతుకు

చంద్రమౌళి గుంటలో కూర్చుని కేబులు మీది నల్లటి తొడుగును కత్తితో చుట్టూ గీసి లాగాడు. వెంట్రుకల్లాంటి గాజుపోగులు రంగురంగులుగా బయటికి జారాయి. వాటిని స్పిరిటు గుడ్డతో తుడిచి వరసగా పేర్చడం వరకే అతని పని. అతకడం సుకుమార్ పని.

అల్లూరూ దాని పక్క పట్టణాలూ కలిసి సొంతంగా ఇంటర్నెట్ లైను వేసుకుంటున్నాయి. రెండు వైపుల నుంచీ వచ్చిన కేబుళ్లు కొడవలూరు పొలాల పక్కన ఈ గుంటలో కలవాలి. సాయంత్రం పెద్దలొచ్చి లైను తెరుస్తారు. ఈ ఆఖరి అతుకు తనకిమ్మని చంద్రమౌళి ఇంజనీరును అడిగాడు.

"సుకుమార్ ఉండాడు గదయ్యా," అన్నాడాయన, తల కూడా ఎత్తకుండా.

చంద్రమౌళి ఇరవై ఏళ్లు అల్లూరులో టీవీ కేబుళ్లు లాగాడు. స్తంభాలెక్కి మోకాళ్లు కాయలు కాశాయి. జనం ఇప్పటికీ "కేబులబ్బయా" అనే పిలుస్తారు. పులికాట్ సరస్సు ఒడ్డు నుంచి నిరుడొచ్చినవాణ్ణి మాత్రం టీకొట్టు ధనలక్ష్మి "సుకుమారన్నా, ఇంకో టీ తాగు" అంటుంది. ఆ రెండో టీ చంద్రమౌళి గొంతులో అడ్డం పడేది.

రెండు పోగుల్ని మిషన్లో అతికే ముందే వాటిలో ఒకదానికి అగ్గిపుల్లంత సన్నటి గొట్టం ఎక్కించాలి. అతుకును కాపాడేది అదే. మరిచిపోతే తెంచి మళ్లీ మొదలు. అందుకే సుకుమార్ తర్వాతి గొట్టాన్ని పళ్ల మధ్య పట్టుకునేవాడు, వల బాగుచేస్తూ వాళ్ల నాయన దారపు కొసను పట్టుకున్నట్టు. ఒక్కసారీ మరిచింది లేదు. అది చూస్తే చంద్రమౌళికి ఒళ్లు మంట.

చివరి పోగు మిగిలింది.

"ఏందన్నా, వలలొదిలి ఈ పోగులు పట్టినావు? చేపలు పడలేదా?" అన్నాడు చంద్రమౌళి.

సుకుమార్ పళ్ల మధ్య గొట్టం తీసి, అతుకులన్నిటినీ కాపాడే డబ్బా మూత మీద పెట్టాడు. "చేపలు బాగానే పడినాయి మౌళీ. నాకే, పడవెక్కితే వాంతి. మా నాయన చచ్చిందాకా ఊరందరికీ చెప్పి నవ్వినాడు."

నవ్వుతూనే పోగును మిషన్లో పెట్టాడు. గొట్టం మూత మీదే ఉంది. చంద్రమౌళి చూశాడు. పక్కకు తిరిగి స్పిరిటు గుడ్డ మడత పెట్టాడు. మిషన్ చిన్నగా మెరిసింది.

"అయ్యో, గొట్టం! చూసి చెప్పగూడదా అబ్బయా?"

"నేను చూళ్లేదన్నా."

చంద్రమౌళి కడుపు చల్లబడింది. సుకుమార్ అతుకు తెంచి, మూత మీది దానికి మన్నంటిందని పొట్లంలోంచి ఇంకో గొట్టం తీసుకున్నాడు. గాలి లేదు. బనీను తడిసి వీపుకంటుకుంది. ఒకసారి ఆగి రొమ్ము రుద్దుకున్నాడు. వేషాలు, అనుకున్నాడు చంద్రమౌళి. రెండో అతుకు మొదటిదానికన్నా బాగా కుదిరింది. చంద్రమౌళి కడుపులోని ఆ చల్లదనం పోయింది.

"కాసేపు నడుం వాలుస్తా. మూత నువ్వు బిగించు మౌళీ." సుకుమార్ వెళ్లి వ్యాను నీడలో పడుకున్నాడు.

తనకు మిగిలింది మూతేనా? చంద్రమౌళి దాన్ని ముట్టుకోలేదు.

కార్లొచ్చాయి. పూలదండలొచ్చాయి. "ఆయన్ని లేపవయ్యా," అన్నాడు ఇంజనీరు. చంద్రమౌళి వెళ్లి పాదం కదిపాడు. ఏడాదిలో మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు.

"సుకుమారన్నా."

అంత ఎండలోనూ ఆ పాదం చల్లగా ఉంది.

గుంటలో డబ్బా తెరిచే ఉంది. పక్కన మూత. మూత మీద, ఒక కొసన పంటిగాటుతో, ఎవరూ ఎక్కించని గొట్టం.