వాసంతి భుజంలో నా కొలువు

నేను ఒక టైటానియం స్క్రూని. పొడవు ముప్పై నాలుగు మిల్లీమీటర్లు. బరువు చెబితే నవ్వుతారు. ఫ్యాక్టరీలో లేతు మీద మరలు తిరిగి, మెరుపు తెచ్చుకుని, ఒంగోలులో ఒక ఎముకల ఆస్పత్రికి చేరాను. ఆపరేషన్ ఉన్నప్పుడల్లా నన్ను ట్రేలో సర్ది ఆవిరిలో ఉడికించేవారు. తీరా డాక్టరు చెయ్యి పక్కవాడి మీద పడేది. పద్నాలుగు సార్లు ఉడికాను. ముస్తాబై కూర్చున్నా కబురు రాని పెళ్లిచూపుల బాధ నాకు బాగా తెలుసు.

చివరికి నన్ను వరించిన మనిషి వాసంతి. చీరాల దగ్గర బడిలో వ్యాయామ టీచరు, జిల్లా వాలీబాల్ జట్టులో స్మాషర్. ఐదేళ్లలో ఆమె కుడి భుజం తొమ్మిదిసార్లు జారింది. జారిన ప్రతిసారీ మైదానంలోనే ఎవరో లాగి కూర్చోబెట్టేవారు. ఆమె గుక్కెడు నీళ్లు తాగి మళ్లీ ఆటకు దిగేది. మనుషులకు ఇదో గొప్ప! ఒకసారి లోపల చిరిగిన పొరను కుట్టించుకుంది కూడా. అయినా పెళ్లయిన పదకొండో రోజున అటక మీది డబ్బా అందుకోబోతే పదోసారి జారింది. ఆనాటి నుంచి ఆమె జడ వేసే పని భర్త శేషుది.

“ఏందిరా అబ్బాయ్, అది జడా, కొబ్బరి తాడా?” అందట అత్తగారు.

“నేర్చుకుంటన్నాగా అమ్మా! నీ కోడలు తిట్టకుండా కూర్చుంటే కదా!”

నేను లేనప్పటి ఈ సంగతులన్నీ ఆ ఇంట్లో రోజుకోసారి చెప్పుకుంటారు. అలా విన్నవే.

డాక్టర్ హబీబా ముందు కూర్చోగానే వాసంతి అడిగిందొకటే: “మళ్లీ ఆడగలనా మేడం?”

డాక్టరు అంచు విరిగిన టీ సాసరులో నిమ్మకాయ పెట్టింది. సాసరు వంచగానే కాయ విరిగిన వైపు నుంచి దొర్లింది. “ఈ సాసరు నీ భుజం గుంట, కాయ నీ చేతి ఎముక తల అనుకోమ్మా. జారిన ప్రతిసారీ అంచు అరిగింది. పావు వంతు పోయింది.”

“మళ్లీ కుడితే సరిపోదాండీ? చిన్న చిన్న రంధ్రాలతోనే అవుద్దిగా,” అన్నాడు శేషు.

“అంచు బాగున్నవాళ్లకు అదే మంచిది. ఈమెకు ఎంత కుట్టినా కాయ దొర్లుతుంది. తుంటి ఎముక ముక్క తెచ్చి అతికించొచ్చు. కానీ రెండు చోట్ల కోత, కొన్నాళ్లు తుంటి నొప్పి. అరుగుదల ఇంకా ఎక్కువైతే దాన్నే ఎంచుకునేదాన్ని. మూడోది, భుజం ముందు కొక్కెంలాంటి ఎముక ఉంది. దాన్ని కండరంతో సహా తెచ్చి, అరిగిన అంచుకు రెండు స్క్రూలతో బిగిస్తాను. చెయ్యెత్తినప్పుడు ఆ కండరం బెల్టులా అడ్డుంటుంది.”

“దాంట్లో భయం లేదా?”

“ఉంది. పక్కనే నరాలుంటాయి. ఎముక అతుక్కోకపోవచ్చు, స్క్రూ వదులు కావచ్చు.”

ఈ చివరి మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

“మూడోదే చెయ్యండి మేడం. నాకు ఆట కావాల,” అంది వాసంతి.

ఆపరేషన్ బల్ల దగ్గర డాక్టరు లోతు కొలిచి “ముప్పై నాలుగు” అంది. ఆ అంకె అంత తియ్యగా ఉంటుందని నాకప్పుడే తెలిసింది! జోడీ స్క్రూతో కలిసి ఎముకలోకి మర తిరుగుతూ దిగాను. తర్వాత నెలరోజులు చెయ్యి మెడకు వేసిన జోలెలో ఉంది, ఆపైన ఫిజియోథెరపీ, కన్నీళ్లు, శేషు పిచ్చి జోకులు. ఆరో నెల స్కాను చూసి డాక్టరు నవ్వింది: “ఎముక అతుక్కుంది. ఇక స్క్రూలకు పెద్దగా పనిలేదు. ఉండనిద్దాం. నువ్వు మెల్లగా ఆట మొదలుపెట్టు.”

పని అయిపోయినా ఇల్లు ఖాళీ చెయ్యమననివాళ్లు ఎందరికి దొరుకుతారు!

ఎనిమిదో నెలలో జిల్లాల మధ్య పోటీ ఫైనల్. ఆఖరి సెట్టు, పద్నాలుగు పదమూడు, మా జట్టుకు ఇంకొక్క పాయింటు చాలు. బంతి పైకి లేచింది. వాసంతి ఎగిరింది, చెయ్యి వెనక్కి వంగింది. మైదానంలో తొమ్మిదిసార్లు మోసం చేసిన భంగిమ అదే. గట్టు మీద శేషు అరుపు మధ్యలో ఆగిపోయింది. చెయ్యి ముందుకు విసురుగా వచ్చింది. అవతలి గీత లోపల బంతి ఠపీమని పడింది!

జట్టంతా వచ్చి కేకలు పెడుతూ ఆ భుజం మీదే పడింది. మీరైతే ఇలాంటప్పుడు గంతులేస్తారు. నా సంబరం వేరు. నేను వెంట్రుకవాసి కూడా కదల్లేదు.