మింగే చుక్క

"దీనికేం తెలుసండి, చేపలు తిరగేయటం తప్ప," అన్నాడు మా ఆయన ముత్యాలరావు, ఆయన కతల పేరు విని బాపట్ల నుంచి వచ్చిన ప్రమీలారాణి టీచరుతో. నిజాంపట్నం ఇసకలో ఆరబోసిన చేపలు తిరగేస్తూ నేను నవ్వాను. రేవులో ఆయన చెప్పే ప్రతి కోతల కతా నేను అల్లిందే. వంజరం చేప మా అత్త ముక్కుపుడక పెట్టుకుని పెళ్లికెళ్లిన కత పుట్టింది నా నోట్లోంచే. అన్నం వడ్డిస్తూ నేను చెబుతాను. చేపల వేలంపాట దగ్గర ఆయన చెప్పి టీలు తాగుతాడు. పదిహేనేళ్లుగా నేను ఒట్టిపోతున్నాను, ఆయన ఉబ్బుతున్నాడు.

టీచరు ఇసకలో రెండు చుక్కలు పెట్టింది. "ఆకాశంలో కొన్ని నక్షత్రాలు జంటగా తిరుగుతాయండి. ఒకటి చిన్నదైనా మహా బరువు. పక్కదాని ఒంట్లో సరుకంతా లాగేసుకుంటుంది. అది సుడి తిరుగుతూ వచ్చి ఇందులో పడుతుంది. మోయగలిగింది దాటితే ఈ చిన్నది పేలిపోతుంది. మా సైన్సు పండగలో పిల్లలకి దీన్ని కథగా చెప్పాలి మీరు."

"అట్నేనండి," అన్నాడు, సగమే విని. ఆ పేలిపోయే మాట మాత్రం నేను కొంగున ముడేసుకున్నాను.

ఇంటికొచ్చాక, "ఏమే భవానీ, ఆ చుక్కల కత అల్లవే," అన్నాడు.

అల్లాను. పెద్ద చుక్క వండుతుంది, చిన్న చుక్క కూర్చుని తింటుంది, కంచం కడిగేది మళ్లీ పెద్దదే. ఏడు సముద్రాలు తాగినా చిన్నదానికి దాహం తీరదు.

"బాగుందే. చివరికేమైద్ది?"

"ముందు వరసలోనే ఉంటాగా మావా. అక్కడ అందిస్తాలే."

ఎప్పుడూ అందించేదాన్నే.

బాపట్ల బడిలో ఆయనకి శాలువా, మైకు. నేను పిల్లల మధ్య నేల మీద. కథ జోరుగా నడిచింది. "చిన్న చుక్క తాగింది, తాగింది, తాగింది..." ఆగి నావైపు చూశాడు. పైట సర్దుకున్నాను, పెదవి కదపలేదు. పదిహేనేళ్లలో ఇంత తీపి నా నోటికి తగల్లేదు.

"తర్వాతేమైంది బాబాయ్?" అంది ఓ పిల్ల.

"ఏముందమ్మా, రెండూ సుఖంగా ఉన్నాయి."

పాఠం చదివిన పిల్లలు గొల్లున నవ్వారు. "కాదు, పేలిపోద్ది."

"మీరల్లిన కథే కదండీ?" అంది టీచరు.

"మా ఆవిడ సరిగ్గా చెప్పలేదండి," అని నోరు జారాడు.

టీచరు మైకు తెచ్చి నా చేతిలో పెట్టింది. పరువు కాపాడమని ఆయన కళ్లతోనే బతిమాలాడు. కాపాడటానికి ఒక్క అబద్ధం చాలు. నా దగ్గర అబద్ధాలకి కరువా?

లేచి నిలబడ్డాను.

"మొదటినుంచి చెబుతా వినండి. అనగనగా రెండు చుక్కలు. మింగేదాని పేరు ముత్యాలరావు."